గది కట్టిన లారీలో మంగినపూడికి

బెజవాడ నుంచి మంగినపూడి సముద్రం దాకా, సొంత గదిలో మంచం మీద పడుకుని, ఆ గదిని సొంత చేతులతో తోలుకుంటూ, గంటకు ముప్పై మైళ్ళ వేగంతో, దారిలో ఒక్కచోట కూడా ఆగకుండా వెళ్ళివచ్చిన మనిషి కృష్ణా జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే.

మంచం మీద పడుకున్నవాడు లారీ ఎలా తోలాడని మీరు అడగవచ్చు. మా బట్టల కొట్టుకు వచ్చేవాళ్ళకు ఈ కథ చెప్పీ చెప్పీ, చెప్పినప్పుడల్లా ఓ ముక్క తగిలించీ, దీన్ని ఈ స్థితికి తెచ్చాను. కొట్టులో బాగానే చెల్లింది. కాగితం మీద పెట్టేసరికి నాకే ఎబ్బెట్టుగా ఉంది. పైగా ఇది చదివి ఎవరైనా ఇలాంటి బండి కొనే ప్రమాదం ఉంది. కనక మెల్లమెల్లగా నిజంలోకి దిగుతాను. ఒక్కసారిగా దిగితే నా ఒంటికి పడదు.

బెజవాడ

యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు తమకు అక్కర్లేని లారీలను ఊరి బయట మైదానంలో వరసగా నిలబెట్టి అమ్మేశారు. గుడారం గుడ్డ చౌకగా దొరుకుతుందని వెళ్ళి లారీ కొనుక్కుని వచ్చాను. అప్పటికి నాకు అరవై ఆరేళ్ళు. మా ఆవిడ శేషమ్మ వీధి గుమ్మంలో నిలబడి దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

“ఇదేమిటండీ?”

“ఇల్లే.”

“మనకుందిగా.”

“అది కదలదు. ఇది కదులుతుంది. దీంట్లో పడుకుని ఊళ్ళు చూడొచ్చు.”

“అయితే మీరు కదలండి. నేను కదలని దాంట్లో ఉంటాను.”

ధర సగమే చెప్పాను. ఆవిడ మనసులోనే రెట్టింపు చేసుకుంది. సరిగ్గా అసలు ధర వచ్చింది.

కొనేవాళ్ళకు నా మొదటి సలహా: బండి కిందికి దూరి చూడండి. నేను పంచె మాస్తుందని దూరలేదు. దూరి ఉంటే ఇనప చట్రానికి తాళ్ళతో కట్టిన కట్లు కనిపించేవి. రెండోది: గుమ్మం నేలకు ఎంత ఎత్తున ఉందో చూసుకోండి. నేను చూసుకోలేదు. వడ్రంగి వెనకభాగాన చెక్కగోడలు పెట్టి, రెండు కిటికీలు కోసి, మంచం, గూళ్ళు, ఓ మూల కుంపటికి ఇటుకల అరుగు, కుండకు కుదురు అన్నీ అమర్చాక తీరా ఎక్కబోతే నా కాలు అందలేదు. సొంత ఇంట్లోకి పీట వేసుకుని ఎక్కాను. మూడోది: రంగు మార్చండి. మిలిటరీ ఆకుపచ్చ రంగు దర్జాగా ఉందని నేను అలాగే ఉంచేశాను. దాని ఫలితం పామర్రు దాటాక తెలిసింది.

పెట్రోలు రేషను చీటీల మీద తప్ప దొరకదు గనక లారీ బొగ్గు గ్యాసుతో నడిచేది. యుద్ధకాలపు బస్సులు ఎక్కినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. డ్రమ్ములో బొగ్గులు రాజేసి, పావుగంట చెయ్యి నొప్పెట్టేలా పంకా తిప్పితే గ్యాసు పుడుతుంది. అది మసితో పుడుతుంది గనక ఓ పెట్టెలో బిగించిన గుడ్డలోంచి వడకట్టి ఇంజనుకు పంపాలి. ఈ గుడ్డ సంగతి గుర్తు పెట్టుకోండి.

అవును, తోలింది నేను కాదు. గురవయ్య తోలాడు. యుద్ధంలో అస్సాం కొండల్లో లారీలు నడిపి వచ్చిన మనిషి. నవ్వడు. చేత్తో స్టీరింగు నేనూ పట్టుకున్నాను, బండి ఆగి ఉన్నప్పుడు.

అక్కయ్య

మాది మంగళగిరి నేతపని ఇల్లు. నేను బెజవాడ వచ్చి కొట్టు పెట్టుకున్నాను. మా అక్కయ్య కోటమ్మ మాత్రం డెబ్బై ఏళ్ళూ మగ్గాల మధ్యే గడిపింది. నూలు తోడటం, పడుగుకు గంజి పట్టించటం, ఆరబెట్టటం, మళ్ళీ తోడటం. సముద్రం రెండు రోజుల దారిలో ఉన్నా చూడలేదు. మా బావ ఓసారి మాఘ పున్నమికి స్నేహితులతో వెళ్ళి మునిగి వచ్చి, “వచ్చే ఏడు నిన్నూ తీసుకెళతా” అన్నాడట. ఆ మాట ఇరవై ఏళ్ళు అంటూనే ఉండి, ఓ వేసవిలో కన్నుమూశాడు.

రెండేళ్ళ కిందట అక్కయ్య మగ్గం గుంటలో కాలుజారి పడింది. తుంటి విరిగి వంకరగా అతుక్కుంది. అప్పట్నుంచి కాళ్ళు ముడిచి కూర్చోలేదు. చాపుకోవాలి, లేకపోతే పడుకోవాలి. బస్సు కుదరదు. ఎడ్లబండి కుదుపు పడదు. పున్నమి రోజుల్లో బందరు రైల్లో నిలబడడానికే చోటుండదు. “ఈ ఏడు మాఘ పున్నమికి మునగాలిరా వీరయ్యా, వచ్చే ఏటికి ఉంటానో లేనో” అని ఆమె అన్న వారానికే నేను లారీ కొన్నాను.

చదవడానికి ఎంత బాగుందో చూడండి. నిజానికి లారీ కొన్న వారానికి ఆమె ఆ మాట అంది. కాలవ పడవలో పరుపు వేసి పడుకోబెడితే సుఖంగా చేరేదే. కాని పడవలో పోయేవాణ్ణి ఎవరు తలతిప్పి చూస్తారు? పైగా గదిలో మంచం కింద బందరు వర్తకులకు చూపించడానికి రెండు మూటలు కొత్త బట్టలు పెట్టాను. అదీ చెప్పేస్తున్నాను, మనసు తేలికైంది.

కంకిపాడు దాకా

అక్కయ్యను ముందుగానే మంగళగిరి నుంచి రైల్లో పడుకోబెట్టి తెచ్చి, పున్నమికి రెండు రోజుల ముందు పొద్దున్నే ఆమె, నేను, గురవయ్య బయలుదేరాం. పటమట దాటాక బందరు కాలవ పక్కన పడింది రోడ్డు. మొదటి గుంతలోనే గూట్లోని గిన్నెలన్నీ దిగివచ్చి నన్ను పలకరించాయి. గూటికి అంచుపట్టీ కొట్టించండి. కుండను సగమే నింపండి. మజ్జిగ అసలు తీసుకెళ్ళకండి.

ముప్పై మైళ్ళ వేగం అన్నాను కదూ. కాలవలో తాడు కట్టి మనుషులు లాగుతున్న గడ్డి పడవ ఒకటి మాతోపాటే బయలుదేరింది. మాకంటే ముందు కంకిపాడు చేరింది. ఆ పడవవాళ్ళు గట్టు మీద అన్నాలు తింటూ మమ్మల్ని చూసి చెయ్యి ఊపారు.

“ఏం బాబయ్యా, తాడు ఇమ్మంటారా?” అని అరిచాడు ఒకడు.

గది లోపలి నుంచి అక్కయ్య, “ఇస్తే పుచ్చుకోరా” అంది.

ఇంకో కష్టం చూడండి. ఇంజనుకూ కుంపటికీ ఒకటే బొగ్గు. కంకిపాడులో అక్కయ్య వంకాయ కాల్చి పచ్చడి చేయించుకుంది. ఆ వంకాయకు రెండు మైళ్ళు ఖర్చయిందని గురవయ్య మొహం ముడుచుకున్నాడు. పచ్చడి తిన్నాక, “ఇంకో రెండు మైళ్ళు కాల్చండమ్మగారూ” అన్నాడు.

ఉయ్యూరు

ఉయ్యూరు దగ్గర చెరుకు తోటల పక్కన బెల్లం వండుతున్నారు. వెడల్పాటి పెనంలో బంగారు రంగు పాకం ఉడుకుతోంది. లారీ ఆపాం, అంటే అది ఆగింది. బెల్లం వండే పెద్దాయన ఆకులో వేడి పాకం పోసి అక్కయ్యకు కిటికీలోంచి అందించాడు. బెజవాడలో అణా లేకుండా ఆకు కూడా ఇవ్వరు. ఇక్కడ డబ్బు తీయబోతే ఆయన నొచ్చుకున్నాడు.

“మొదటి పాకం ఆడకూతురికి పెట్టింది. దీనికి డబ్బేటండీ?”

“ఆడకూతురా! నాకు డెబ్బై వచ్చాయయ్యా” అంది అక్కయ్య.

“నాకు డెబ్బై మూడు. మీరు నాకు చెల్లెలేగా.”

ఆ రాత్రి అక్కడే ఉన్నాం. పొద్దున గురవయ్య వడపోత గుడ్డ తీసి చూపించాడు. నల్లగా పేలికలై ఉంది. “గుడ్డ మార్చాలండి” అన్నాడు.

ఇక్కడ జరిగింది జాగ్రత్తగా వినండి. వేరే వాడెవడైనా అయితే ఇంట్లో పాతగుడ్డ ఏదో ఇచ్చేవాడు. నేను బట్టల వర్తకుణ్ణి. నా లారీకి మసిగుడ్డా? మంచం కింద మూట విప్పి, ఎనభయ్యో నెంబరు సన్ననూలుతో నేసిన మంగళగిరి గుడ్డ, ఇంకా మడత విప్పనిది, మూరెడు చించి ఇచ్చాను. “ఇంతటి గుడ్డ ఏ గవర్నరు గారి కారుకూ ఉండదు” అన్నాను. గురవయ్య దాన్ని వేళ్ళతో తడిమి, “బిర్రుగా ఉందండి” అన్నాడు. “కొత్తది మరి!” అన్నాను.

పామర్రు దాటాక

పామర్రు దాటి ఓ మైలు పోయేసరికి లారీ ముక్కింది, మూలిగింది, ఆగింది. అప్పటికి ఎండ నడినెత్తిన ఉంది. మర్నాడే పున్నమి. బందరు ఇంకా పదిహేను మైళ్ళు. గురవయ్య ఇంజను విప్పాడు, తుడిచాడు, ఊదాడు. పంకా తిప్పి తిప్పి నా భుజాలు పడిపోయాయి. కిటికీలోంచి అక్కయ్య మాటిమాటికీ పొద్దు వంక చూస్తోంది. అది చూస్తే నాకు భయం వేసింది.

పక్కనే చిన్న ఊరు. మేం ఆగిన కాసేపటికి అక్కడ తలుపులు మూసుకోవడం, గడ్డివాముల దగ్గర ఆదరా బాదరాగా ఏదో జరగడం కనిపించింది. తరవాత తెల్లపంచె కట్టిన రైతు ఒకాయన చేతులు కట్టుకుని వచ్చాడు. పేరు నాగభూషణం గారట.

“దయచెయ్యండి బాబూ. ఎండలో నిలబడ్డారు. కాస్త ఎంగిలి పడుదురుగాని.”

మిలిటరీ రంగు లారీ చూసి, రైతులు దాచుకున్న ధాన్యం సేకరించి పట్టుకుపోయే ప్రభుత్వం వాళ్ళమనుకున్నాడాయన. నేను కాదనలేదు. అవునని కూడా అనలేదు. గొంతు సవరించుకున్నానంతే. ఆ సవరింపుకు నాకు అరిటాకులో ముద్దపప్పు, గుత్తివంకాయ, ఆవకాయ, గడ్డపెరుగు వచ్చాయి.

“మా ఇంట్లో గింజ లేదండీ ఈ ఏడు. పంట పోయింది” అంటూ నా ఆకులో తెల్లటి అన్నం గుట్టగా పోశాడు.

“మరి ఈ అన్నం?”

ఆయన తడబడ్డాడు. “ఇది... మా బావమరిది వాళ్ళదండి.”

“బావమరిది గారిది ఏ ఊరు?” అన్నాను, పెరుగు కలుపుకుంటూ. ఎందుకన్నానో తెలీదు. ఆ కుర్చీలో కూర్చోబెడితే ఎవరైనా అంటారు.

అంతలో లారీలో ఉన్న అక్కయ్యకు అన్నం పట్టుకెళ్ళిన ఆయన భార్య పరుగున వచ్చింది. “ఏవండీ, వీళ్ళు బట్టల కొట్టు వాళ్ళటండీ! ఆ పెద్దావిడ చెప్పింది. సముద్రస్నానానికి పోతున్నారట!”

నా ముద్ద మధ్యలో ఆగింది. నాగభూషణం గారు నన్నూ, నా ఆకునూ, ఖాళీ అయిన పెరుగు ముంతనూ వరసగా చూశాడు.

“బావమరిది ఊరు అడిగారే!”

“తప్పయిపోయింది” అన్నాను. ఆ ముక్క నేను చాలా తక్కువసార్లు అన్నాను, కనక సరిగా పలకలేదు.

ఆయన నవ్వడం మొదలుపెడితే ఆపలేదు. కళ్ళు తుడుచుకుని భార్యతో, “ఇందాకటిది భయానికి పెట్టిన అన్నం. అది చుట్టానికి పెట్టినట్టు కాదు. మళ్ళీ ఆకు వెయ్యి” అన్నాడు. రెండోసారీ తిన్నాను. అక్కడ అతిథి కాదనడానికి వీల్లేదు. మా బెజవాడలో ఒకసారి తినమనడమే గొప్ప.

తరవాత ఆయన లారీ చూసి తల పంకించాడు. “ఎడ్లు కట్టి లాగిస్తాను గాని, పొద్దుగూకేలోగా బందరు చేరదండీ. పెద్దావిణ్ణి గూడుబండిలో పంపిద్దామా?”

“వద్దు బాబూ. బండి కుదుపుకి తుంటి ఊడొస్తుంది” అంది అక్కయ్య. తరవాత గోడవైపు తిరిగి పడుకుంది. “నా ప్రాప్తం ఇంతేరా. ఇక్కడి కాలవలోనే నాలుగు చెంబులు పొయ్యండి” అంది.

కాసేపటికి గురవయ్య తనలో తాను గొణుక్కోవడం ఆమెకు వినిపించింది. “నిప్పుంది. బొగ్గుంది. గ్యాసు రావట్లేదు. ఎక్కడో గాలి ఆగిపోతోంది.”

“గాలి దేంట్లోంచి పోతుంది?” అంది అక్కయ్య ఇటు తిరక్కుండానే.

“గుడ్డలోంచండి.”

“ఏదీ, పట్రా.”

తెచ్చాడు. అది గుడ్డలా లేదు, నల్లటి అప్పడంలా ఉంది. అక్కయ్య దాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపింది. వాసన చూసింది.

“వీరయ్యా, దీన్ని తడిపావుట్రా?”

“కొత్త గుడ్డ. తడపడమెందుకు?”

“గంజి తియ్యకుండా పెట్టావా?” ఇటు తిరిగింది. “నేతపని ఇంట్లో పుట్టావుట్రా నువ్వు? నా చిన్నప్పట్నుంచీ పడుగుకి గంజి పట్టించానే, పోగు బిగియడానికేగా! వేడి పొగ తగిలేసరికి ఆ గంజంతా కరిగి, మసితో కలిసి మెత్తింది. దీంట్లోంచి నీళ్ళే దిగవు, గాలి దిగుతుందా?”

గురవయ్య నవ్వాడు. బెజవాడలో బయలుదేరాక అదే మొదటిసారి.

“ఇంకో ముక్క కాలవలో ఉతుకుతాను” అన్నాను.

“ఆరేదెప్పుడు, పెట్టేదెప్పుడు? నా మూటలో పాత చీర ఉంది, తియ్యి. ఇరవై ఏళ్ళు ఉతికిన చీర. జల్లెడలోంచి పోయినట్టు గాలి పోతుంది.”

అది మా బావ నేసిన చీర. దాన్ని కట్టుకునే మునగాలని తెచ్చుకుంది. నాకు తెలుసు గనక, “అది స్నానానికని తెచ్చుకున్నావు కదే” అన్నాను.

“సముద్రం దగ్గరికి చేరితేగా స్నానం” అని ఆమే అంచు పట్టుకుని చింపింది. కొత్తబట్ట చింపితే చర్రుమంటుంది. యాభై ఏళ్ళు రోజూ విన్నాను. పాతబట్ట అలా అనదు. దాదాపు చప్పుడే చెయ్యలేదు. 

పావుగంటలో లారీ పలికింది.

బందరు

దీపాలు పెట్టే వేళకు బందరు చేరాం. బెజవాడ దుకాణదారు “ఏం కావాలి?” అంటాడు. బందరు దుకాణదారు “ఎక్కణ్ణుంచి?” అంటాడు. హల్వా కొనబోతే, మా ఊరు, మా అక్కయ్య తుంటి, లారీ ఆగిన చోటు అన్నీ విన్నాక గాని ఆయన కత్తి ముట్టుకోలేదు. ముట్టుకున్నాక మాత్రం అడిగినదానికంటే ఎక్కువే కోశాడు. హల్వా వేలికి అంటకుండా జారింది. నెయ్యి మాత్రం నా కొత్త బట్టల మూటకు అంటింది. అమ్మకం సంగతి అంతటితో సరి.

“రేపు ఏం కట్టుకుని మునుగుతావే?” అని అడిగాను.

“నీ మూటలో నెయ్యి అంటనిది ఒకటి తియ్యి.”

తీశాను. కొత్త చీర. గంజితో బిర్రుగా ఉంది.

మంగినపూడి

లారీని అలల దాకా నడిపించామని ఇప్పటికి చాలామందికి చెప్పాను. నల్లమట్టి నేలలో అర మైలు ముందే అది ఇరుసుల దాకా దిగబడింది. (తరవాత నాలుగు జతల ఎడ్లు లాగితే బయటికి వచ్చింది. ఎడ్లవాళ్ళు ఆ సంగతి ఊరంతా చెప్పారు గనక నేనూ చెప్పక తప్పదు.) చుట్టూ బళ్ళు, జనం, శనగల బుట్టలు, పిల్లల ఏడుపులు. పొద్దు పైకెక్కుతోంది. అక్కయ్య కిటికీలోంచి దూరంగా తెల్లటి గీత కదలడం చూస్తోంది.

రొయ్యల బుట్టలతో పోతున్న నలుగురు బెస్తవాళ్ళ ఆడవాళ్ళు లారీ చుట్టూ తిరిగి చూశారు. అందరికంటే ఎత్తుగా ఉన్నామె లోపలికి తొంగిచూసి, “అమ్మా, దిగవేం?” అంది.

“కాలు కదలదే తల్లీ.”

“మంచం కదులుద్దిగా” అందామె. మిగతా ముగ్గురికీ సైగ చేసింది. నేను నోరు తెరిచేలోగా మంచం వాళ్ళ భుజాలెక్కింది. బుట్టలు నా ముందు పెట్టి, “కాకులు రాకుండా చూడండి బాబయ్యా” అంది.

“నేనూ వస్తాను, మా అక్కయ్య...”

“మీరొత్తే మిమ్మల్నీ మొయ్యాలి. ఇంకో మంచం లేదు.”

కాబట్టి అక్కయ్యను చెయ్యి పట్టుకుని సముద్రంలోకి దింపింది నేను కాదు. నేను రొయ్యలకు కాపలా కాశాను. బుట్టలు లాక్కుంటూ ఒడ్డు దాకా వెళ్ళాను గాని, మొదటి అల చప్పుడు విని ఆగిపోయాను. నాకు నీళ్ళంటే భయం. ఇది మా ఆవిడకు కూడా తెలీదు.

ఒడ్డు నుంచే చూశాను. మంచం నీళ్ళలో దించారు. ఇద్దరు వెనక, ఇద్దరు ముందు పట్టుకున్నారు. కొత్త చీర గంజితో బిగిసి గుడారంలా నీళ్ళ మీద నిలబడింది. ఎత్తుగా ఉన్నామె ఏదో అంది, అక్కయ్య నవ్వింది. తరవాత ముక్కు మూసుకుని మునిగింది. ఒకటి. కాసేపు ఆగి రెండు. రెండో మునకకు చీర మెత్తబడి ఒంటికి అంటుకుంది. ఆ తరవాత చాలాసేపు కళ్ళు మూసుకుని ఉండి, మూడు.

మొదటి మునక మా అమ్మా నాన్నల పేర. రెండోది మా బావ పేర. మూడోది, అంతసేపు ఆగి వేసినది, తనను ఇంత కష్టపడి తీసుకొచ్చిన తమ్ముడి ఆయుష్షు కోసం. అక్కడే, ఆ బుట్టల మధ్య నిలబడి నాకు కళ్ళు చెమర్చాయి. కాకులు రెండు రొయ్యలు ఎత్తుకుపోయాయి.

మళ్ళీ ఇంట్లో

లారీ ఇప్పుడు మా పెరట్లో ఉంది. శేషమ్మ దాంట్లో వరుగులు ఎండబెడుతోంది. కొనాలనుకునేవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. ఇరుసు ఒకటి వంకర. మిగతాదంతా కొత్తదానికింద లెక్క. ఈ చివరి వాక్యాన్ని మీరే సగం చేసుకోండి.

ఇంతవరకు రాసింది నిన్న మంగళగిరి వెళ్ళి అక్కయ్యకు చదివి వినిపించాను. కాళ్ళు చాపుకుని కండెలకు నూలు చుడుతూ వింది. గంజి దగ్గర నవ్వింది. చీర దగ్గర తెగిన పోగు ఒకటి ముడివేసుకుంది. రొయ్యల దగ్గర, “నీకు నీళ్ళంటే భయమని ఊరందరికీ తెలుసురా” అంది. మూడు మునకల దగ్గరికి వచ్చేసరికి చుట్టడం ఆపింది.

“అది మళ్ళీ చదువు.”

చదివాను, గొంతు కొంచెం బరువుగా పెట్టి.

“మూడోది నీ ఆయుష్షు కోసమని నీకెవరు చెప్పార్రా?”

“మరెవరి కోసం? అంతసేపు ఆగావుగా!”

“మొదటి రెండూ వాళ్ళ పేరే వేశాను, బాగానే రాశావు. మూడోది ఎవరి పేర వెయ్యాలా అని ఆలోచించాను. నువ్వూ గుర్తొచ్చావు, ఆ తరవాత నేను గుర్తొచ్చాను. అది నాకోసం మునిగానురా. డెబ్బై ఏళ్ళకి నాకోసం నేను చేసుకున్న పని అదొక్కటి, అదీ నువ్వే పట్టుకుపోతావా? కొట్టెయ్యి.”